వెనక్కి చూడనివాడి మనసు

ముందే చెప్పేస్తున్నాను. ఉన్నదాన్ని ఉన్నంతే చెప్పడం నా చేత కాదు. నన్ను కుట్టింది దోమే అయినా, వినేవాళ్ల దగ్గరికి వచ్చేసరికి అది గబ్బిలమవుతుంది. ఊళ్లో ఉన్న మా ఆవిడ నా ఫోను కబుర్లన్నీ ఓపిగ్గా విని, చివర్లో "పావు నమ్మిన, ముప్పావు వాపస్ తీస్కోండ్రి" అంటుంది. కాబట్టి ఈ రాతలో ఏదైనా మరీ పెద్దగా కనబడితే మీరే అంచులు కత్తిరించుకోండి. అయితే పెంచడం వేరు, పుట్టించడం వేరు. పుట్టించింది ఇందులో ఒక్కటే ఉంది. అదేదో చివర నేనే ఒప్పుకుంటాను.

ఖతర్ దేశమంతా ఫుట్‌బాల్ పండగ కోసం తవ్విపోసిన రోజులవి. పొద్దున వెళ్లిన దారి సాయంత్రానికి ఉండేది కాదు. అల్ తుమామాలో స్టేడియం నమాజు టోపీ బోర్లించినట్టు లేస్తోంది. మెట్రో కొత్తగా మా అల్ వక్రా దాకా వచ్చింది. గాలిలో దుమ్ము ఎంతంటే, చాయ్ తాగి గ్లాసు దించేసరికి అడుగున చిన్న ఇల్లు కట్టుకునేంత ఇసుక మిగిలేది. నేను వక్రాలో అరబ్బీ అర్జీలు టైపు చేసే దుకాణంలో కూర్చునేవాణ్ణి. దక్కనీ మా ఇంట్లో, తెలుగు మా వీధిలో, అరబ్బీ మదర్సాలో బెత్తం కింద నేర్చినవాణ్ణి.

ఒకరోజు పోలీసు స్టేషన్ నుంచి మనిషి వచ్చి, "నీకు తెలుగు వచ్చా?" అని అడిగాడు. నా ప్రాణం చేపల రేవు దాకా పోయి తిరిగొచ్చింది. తీరా చూస్తే వాళ్లకు కావలసింది నేను కాదు, నా నాలుక.

జగిత్యాల వైపు పల్లెవాణ్ణి ఒకణ్ణి పట్టుకున్నారు. షావెల్ ఆపరేటర్. అతనికి హిందీ ఉంది గానీ, అది మట్టి ఎత్తడానికి, దించడానికి చాలిన హిందీ. మనసులో ఏమనుకున్నాడో చెప్పుకోవడానికి చాలదు. ఆ కేసులో తేలాల్సిందేమో అతను మనసులో ఏమనుకున్నాడన్నదే.

జరిగింది ఇది. అల్ వుకైర్ పక్కన పైపులు వేసే సైటు. అక్కడ ప్లైవుడ్‌తో కట్టిన స్టోర్ రూము, దాని వెనక గోడకు ఆనించి పైపులకు చుట్టే ఫోమ్ షీట్ల గుట్ట. గాలి విసురుగా ఉన్న ఆ సందెవేళ ఈ ఆపరేటర్ ఖాళీ పాల డబ్బాలో నిప్పులు పెట్టుకుని స్టోర్‌లోకి వెళ్లాడు. కాసేపటికి వెనక తలుపు గుండా వచ్చి, డబ్బాను అక్కడే కింద పెట్టి నడిచిపోయాడు. వెనక మంట లేచింది. వాచ్‌మన్ చూసి అరిచాడు. ఇతను ఆగలేదు, తిరగలేదు. నేరుగా నల్లా దగ్గరికి వెళ్లి కాళ్లూ చేతులూ కడుక్కుని, గదిలోకి పోయి కూర్చున్నాడు. స్టోరంతా బూడిదైంది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. అయితే దానికి ముందురోజే అదే స్టోర్‌లో ఇతనికీ ఫోర్‌మన్‌కీ పెద్ద గొడవ. అరుపులు క్యాంపంతా వినబడ్డాయి.

కావాలని పెట్టాడంటే ఏళ్ల తరబడి జైలు. అజాగ్రత్త వల్ల అంటుకుందంటే, ఇన్నాళ్లు లోపలున్నది చాల్లే అని ఇంటికి పంపేయవచ్చు. కాలిన స్టోరు అదే, లేచిన మంట అదే. తేడా అంతా అతని తలకాయలో ఉంది.

"మనసును కోర్టులోకి ఎవడూ తేలేడు," అన్నాడు కోర్టు పెట్టిన వకీలు, వరండాలో నాతో. "అందుకని కాళ్లనూ చేతులనూ తెస్తారు. ఎక్కడికి నడిచావు, ఏం పట్టుకున్నావు, ఎప్పుడు పరిగెత్తావు అని వాటిని అడుగుతారు. ఇతని కాళ్లూ చేతులూ రెండూ ఇతని మీదే సాక్ష్యం చెప్తున్నాయి."

లోపల ఏసీ చలికి, గోడ మీద బల్లి కనబడితే దానికీ ఒక స్వెటర్ తొడగాలనిపించేట్టుంది. పైన ముగ్గురు జడ్జీలు. నడుమ కూర్చున్న పెద్ద జడ్జి కళ్లద్దాల్లోంచి చూస్తే ఎముకల్లోని గుజ్జు కూడా లేచి నిలబడుతుంది. విన్నది విన్నట్టే చెప్తాను, కలపను, తీయను అని నా చేత దేవుడి మీద ప్రమాణం చేయించారు. మేకను తోటకు కాపలా పెట్టడమంటే అదే. జీవితంలో ఉప్పు కూడా సరిపడా వేసుకోలేని మనిషిని నేను, ఎప్పుడూ ఒక చిటికెడు ఎక్కువే.

ఆపరేటర్‌ను తెచ్చి నా పక్కన నిలబెట్టారు. ముప్పై దాటిన మనిషి, భుజాలు దర్వాజా అంత. గొంతు మాత్రం అగ్గిపుల్లంత.

"భాయ్, మీదేవూరు?" అన్నాడు మెల్లగా.

"కోరుట్ల."

"అయితే మనోళ్లే," అన్నాడు. ఆ ఒక్క మాటతో అతని బరువంతా తెచ్చి నా నెత్తిన పెట్టాడు.

మొదట వాచ్‌మన్‌ను పిలిచారు. నేపాలీ మనిషి, మర్యాదస్తుడు. అతని హిందీని కోర్టు తర్జుమా మనిషి అరబ్బీలోకి చెప్తుంటే, నేను తెలుగులో ఆపరేటర్ చెవిన వేస్తున్నాను.

"అతను వెళ్లేటప్పుడు అరిచావా?" అన్నాడు ప్రాసిక్యూటర్.

"అరిచాను. ఆగు, నిప్పు, నిప్పు అని అరిచాను."

"ఎంత దూరంలో ఉన్నాడు?"

"ఈ గది అంత దూరం కూడా లేదు సాబ్. అటు పక్క క్రేన్ మీద ఉన్నవాడు కూడా విన్నాడు. ఇతను అడుగు కూడా తడబడలేదు."

తర్వాత కాలిన స్టోరు ఫొటోలు చూపించారు. బూడిద, వంకర తిరిగిన ఇనుము, కరిగిన పైపులు. ఒకదానిలో బూడిద మధ్య గుండ్రటి స్టీలు వస్తువేదో నల్లబడి బోర్లా పడి ఉంది. పంపు మూత అన్నారు. ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

ఆ తర్వాత ఫోర్‌మన్. మలయాళీ, నెరిసిన మీసం, ఇస్త్రీ చొక్కా. గొడవ దేని గురించి అంటే, "పని గురించి" అన్నాడు. ఏ పని అంటే, "సైటు పని" అన్నాడు. చెప్తున్నంతసేపూ ఆపరేటర్ వైపు చూడలేదు. నాకు అది నచ్చలేదు. అప్పటికే నాకూ కోర్టు జబ్బు తగులుకుంది, చూపు ఎటు పోతే మనసు అటుందని లెక్క కడుతున్నాను. సాక్ష్యం అయిపోయాక అతను బయటికి పోకుండా వెనక బెంచీ మీద కూర్చున్నాడు.

ఇప్పుడు ఆపరేటర్ వంతు.

"డబ్బాలో ఏముంది?" అన్నాడు ప్రాసిక్యూటర్. గొంతు ఎట్లా ఉందంటే, నున్నగా సబ్బు మీద కత్తి నడిపినట్టు.

"నిప్పులు, దొడ్డుప్పు, ఎండు మిరపకాయలు సారు."

"ఎందుకు?"

"దిష్టి తీసిన."

ఈ మాట దగ్గర నాకు చెమట పట్టింది, అంత చలిలోనూ. అరబ్బులకు కన్ను తగలడం తెలుసు, కన్ను అంటే తల ఊపుతారు. కానీ నిప్పు, ఉప్పు, తిప్పడం అంటే చేతబడి వాసన కొట్టవచ్చు. అది అంటుకుంటే ఫోమ్ షీట్ల కంటే వేగంగా అంటుకుంటుంది. నేను అతను చెప్పినంతే చెప్పాను: కన్ను తగిలిందని, అది పోవడానికి ఉప్పు మిరపకాయలు నిప్పుల్లో వేసి తిప్పానని. పెద్ద జడ్జి ముఖంలో ఒక్క వెంట్రుక కదల్లేదు.

"వాచ్‌మన్ అరిచింది విన్నావా?"

నేను తెలుగులో అడిగాను. "తమ్మీ, వాచ్‌మన్ ఒర్లింది ఇన్నవా?"

"ఇన్న."

నా నాలుక మీద ఆ మాట నిప్పుకణికలా కూర్చుంది. 'ఏదో వినబడింది' అని చెప్తే ఎవరికి తెలుస్తుంది? గోరంతను కొండంత చేసేవాణ్ణి, ఒక్కసారి కొండంతను గోరంత చేస్తే ఏమైంది? ప్రమాణం గుర్తొచ్చింది. "విన్నాను," అన్నాను అరబ్బీలో. ప్రాసిక్యూటర్ కలం పక్కన పెట్టి ఊపిరి పీల్చుకున్నాడు.

"నిప్పు అన్నాడని అర్థమైందా?"

"అయింది. ఆగ్ అంటే తెల్వదా సారు."

"మరి వెనక్కి తిరిగి ఎందుకు చూడలేదు?"

"దిష్టి తీసినంక మర్లి చూడొద్దు. చూస్తే తీసింది మళ్ల తగుల్కుంటది. మాట్లాడొద్దు గూడ. కాళ్లు చేతులు కడుక్కునేదాక మాట్లాడొద్దు."

"నిప్పు అని అరుస్తుంటే కూడానా?"

"నా డబ్బలో నిప్పు చూసి అంటుండనుకున్న సారు. నిప్పు ఉన్నదని నాకెరుకే గదా, నేనే పెట్టుకొచ్చిన."

దాన్నీ అరబ్బీలో అట్లాగే చెప్పాను. ఆ జవాబుకు రెండు ముఖాలున్నాయి. ఒక వైపు నుంచి చూస్తే అమాయకుడి మాట. ఇంకో వైపు నుంచి చూస్తే, అది తన నిప్పే అని అతనే ఒప్పుకున్నాడు. ప్రాసిక్యూటర్ రెండో వైపునే పట్టుకున్నాడు. "తన నిప్పే అని తెలుసు. ఆపమన్నారని తెలుసు. ఆగలేదు. చేతులు కడుక్కున్నాడు. పశ్చాత్తాపం ఉన్నవాడు నీళ్లు తెచ్చి మంట మీద పోస్తాడు, తన కాళ్ల మీద కాదు."

పెద్ద జడ్జి నా వైపు తిరిగాడు. "నువ్వు ఆ ప్రాంతంవాడివేనా? వెనక్కి చూడకూడదన్న ఆచారం నిజంగా ఉందా?"

నన్ను నేరుగా అడిగారు. కలపవద్దన్నవాళ్లే ఇప్పుడు చెప్పమంటున్నారు. నా చేతికి కోర్టంత పెద్ద వేదిక, అరబ్బీలో పట్టినంత వర్ణన. మా అమ్మ పిడికిట్లో మిరపకాయలు, నిప్పుల్లో పడగానే లేచే ఘాటు, ఘాటు రాకపోతే కన్ను గట్టిగా తగిలినట్టేనని ఆమె పెదవి విరుపు, ఇవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ గొంతు దాకా వచ్చాయి. ముప్పావు వాపస్ అంటున్న మా ఆవిడ కూడా వచ్చింది. నేను చివరికి అన్నది ఇంతే: "ఉంది. మా అమ్మ కూడా అట్లాగే చేసేది."

నా జీవితంలో అంత పొట్టి వాక్యం అదే మొదటిది.

కోర్టు కాసేపు లేచింది. వరండాలో అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టారు. పక్కన తెలుగు రాని పోలీసు. వకీలు ఫోను మాట్లాడటానికి పక్కకు పోయాడు. నేను మెల్లగా అడిగాను.

"తమ్మీ, దిష్టి తీసిన అన్నవు. దేనికి తీసినవో చెప్పలే. ఫోర్‌మన్‌ మీద ఏదన్న చేసినవని వాళ్ల అనుమానం."

అతను నేల చూశాడు. "పెట్టెకు, భాయ్."

"ఏ పెట్టె?"

"నా పెట్టె. ఆ మీది వారం సెలవుల పోవాలుండె. కట్టి పెట్టిన. గదిల జాగ లేదని ఫోర్‌మన్ సాబే స్టోర్ల పెట్టుకోమన్నడు, పైపుల ఎనుక. కంపెనీకి తెలిస్తే ఆయన నౌకరి పోతది."

ఆ పెట్టె ఎంత పెద్దదో అతను చేతులతో చూపించాడు. అతని చేతుల లెక్కకు నా లెక్క కలిపితే అది ఆటోరిక్షా అంత. అందులో రెండు కంబళ్లు, పాలపొడి, అత్తరు, సబ్బులు, ఒక మిక్సీ. వాళ్ల వాడకట్టు మొత్తానికి పండగే.

"మరి లొల్లెందుకైంది?"

"సేఫ్టీవాళ్లు వస్తున్నరట, రేపటికల్ల తీసెయ్యమన్నడు. తీస్త అన్న. ఊకోక, నోరు తెర్సి సూసి, ఇంత పెద్ద పెట్టెనా, ఖతర్ అంత మూట గట్టినవా అన్నడు. అందరి ముంగట. నాకు కోపమొచ్చి ఒర్లిన. గా మాటకు దిష్టి తగలదా భాయ్?"

నేను నోరెళ్లబెట్టాను. దిష్టి తీసింది పెట్టెకు. తీసిన దిష్టికి కాలిపోయిందీ పెట్టే.

"ఇదంత లోపల చెప్పు. చెప్తే నీ మీద సగం బరువు దిగుతది."

"చెప్పను. పోలీసోళ్లు నన్ను తీస్కపోయేటప్పుడు ఆయన చెవుల చెప్పిండు, పెట్టె సంగతి తియ్యకు అని. సరే అన్న. మాటిచ్చినంక తప్పుతనా?"

"నీ ఏండ్లకేండ్లు పోతయి."

"మీకు చెప్పిన, కోర్టుకు చెప్పలే. మీరు గూడ చెప్పొద్దు భాయ్. నేనన్నదే చెప్పాలె గదా మీరు?"

నా ప్రమాణం నాకంటే అతనికే బాగా గుర్తుంది.

మళ్లీ లోపలికి. పెద్ద జడ్జి ముందుకు వంగాడు. "నీ మాట నమ్మాలంటే ఒకటి చెప్పు. దేన్ని కన్ను నుంచి కాపాడాలని ఆ నిప్పు తిప్పావు?"

నేను తెలుగులో అడిగాను. ఆపరేటర్ పెదవులు కదిలాయి, ఆగాయి. వెనక బెంచీలో ఫోర్‌మన్ ఉన్నాడని అతనికి తెలుసు. అయినా అటు చూడలేదు. అక్కడా అతను వెనక్కి చూడలేదు.

జడ్జి ఇంకోసారి అడిగాడు. నేను ఇంకోసారి చెప్పాను. ఆ నిశ్శబ్దం ఎంత పొడుగంటే, ఆ లోపల ఇంకో స్టేడియం కట్టేసేవాళ్లు.

"ఏమంటున్నాడు?" అని నన్ను అడిగారు.

పెట్టె నా నాలుక చివరన ఉంది. ఆటోరిక్షా అంత పెట్టె ఒక నాలుక మీద. "ఏమీ అనలేదు," అన్నాను.

ప్రాసిక్యూటర్ లేచాడు. "తప్పు లేనివాడికి దాచేదేముంటుంది? నడక చెప్పింది, నీళ్లు చెప్పాయి, ఇప్పుడు మౌనమూ చెప్తోంది."

అప్పుడు వెనక బెంచీ కిర్రుమంది. ఫోర్‌మన్ లేచి నిలబడ్డాడు. బంట్రోతు కూర్చోమని సైగ చేశాడు. అతను కూర్చోలేదు. ఇస్త్రీ చొక్కా వీపున తడిసి అతుక్కుపోయి ఉంది.

"సాబ్, ఉస్కా బక్సా థా," అన్నాడు. "స్టోర్ మే. మైనే రఖ్‌వాయా."

అతని పెట్టె స్టోర్‌లో ఉండేదని, పెట్టించింది తనేనని. పెద్ద జడ్జి చెయ్యెత్తి అందరినీ ఆపి, అతన్ని మళ్లీ ముందుకు పిలిచి ప్రమాణం చేయించాడు. మొత్తం చెప్పాడు ఫోర్‌మన్. పెట్టె, గొడవ, తను అన్న మాట, చెవిలో చెప్పిన మాట. చెప్తున్నప్పుడు మొదటిసారి ఆపరేటర్ వైపు చూశాడు. ఆపరేటర్ తల అడ్డంగా ఊపుతున్నాడు, ఎందుకు చెప్పినవన్నట్టు.

ప్రాసిక్యూటర్ వదల్లేదు. "పెట్టె తీసేయమన్న కోపంతోనే స్టోరు తగలబెట్టి ఉండవచ్చు. అసలు ఆ పెట్టె ఉందనడానికి ఏమిటి నమ్మకం? వీళ్లిద్దరూ కూడబలుక్కుని ఉండవచ్చు."

పెద్ద జడ్జి ఏమీ అనకుండా ఫొటోలు తెప్పించుకున్నాడు. ఒక్కొక్కటీ తిప్పుతూ ఆ గుండ్రటి స్టీలు వస్తువు దగ్గర ఆగాడు. ఆ ఫొటోను ఆపరేటర్ ముందు పెట్టించాడు. "ఇదేమిటి?"

అతను వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. ముఖం అప్పుడు మారింది. కేసు మొదలైనప్పటి నుంచి చెదరని ముఖం, అక్కడ చెదిరింది.

"మిక్సీ గిన్నె సారు," అన్నాడు. "చట్నీది." ఫొటో అంచుల దాకా వెతికి, "పెద్ద గిన్నె గూడ ఉండాలె. అది దొరకలేదా?"

నేను అరబ్బీలో చెప్పాను. పక్క జడ్జి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పైపుల స్టోర్‌లో చట్నీ గిన్నెకేం పని అని ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు. వాచ్‌మన్‌ను మళ్లీ పిలిచి, మంటకు ముందు ఏమైనా వాసన వచ్చిందా అని అడిగారు. "వాసన కాదు సాబ్, గొంతు మండింది. తెగ దగ్గాను," అన్నాడు.

తీర్పు ఇంకో రోజు చెప్పారు. నా చెవుల్లో ఉన్నంతవరకు దాని సారం ఇది. మనిషి వెనక్కి చూడకుండా నడిచాడంటే పారిపోతున్నాడని అనుకోవచ్చు. అయితే ఆ నడకకు ఇంకో అర్థం ఉండి, ఆ అర్థానికి ఉప్పు, మిరపకాయ, దగ్గు, కాలిన గిన్నె అన్నీ సరిపోతుంటే, కోర్టు చెడు అర్థాన్నే ఏరుకోకూడదు. కోపంలో ఎదుటివాడి సొత్తు తగలబెట్టేవాళ్లున్నారు. ఇంటికి కట్టుకున్న పెట్టెను తగలబెట్టుకుని, దానికి ముందు దిష్టి తీసేవాళ్లు లేరు. గాలి రోజున ఫోమ్ పక్కన నిప్పు వదిలిపోవడం మాత్రం అజాగ్రత్తే, దానికి ఇన్నాళ్లు లోపలున్నది చాలు. ఇంటికి పంపండి.

నేను తెలుగులో చెప్పాను. "తమ్మీ, కావాలని చెయ్యలేదని నమ్మిన్రు. ఇంటికి పోతున్నవు."

"పెట్టె లేకుంటనే," అన్నాడు. అంతే.

పోలీసులు అతన్ని వరండా చివరి తలుపు వైపు నడిపించారు. నేనూ ఫోర్‌మన్ గోడ పక్కన నిలబడ్డాం. తలుపు దగ్గర అతను ఆగాడు. వెనక్కి తిరిగి మా ఇద్దరినీ చూశాడు. సంకెళ్ల చేతులు జోడించి, చిన్నగా నవ్వాడు.

ఇప్పుడు ఒప్పుకుంటాను. చలి అంత లేదు, స్వెటర్ బల్లికి కాదు, నాకే కావలసి వచ్చింది. పెట్టె ఆటోరిక్షా అంత కాదు, మంచం కింద పట్టనంత, అంతే. ఇవన్నీ పెంచినవి. మిక్సీ గిన్నె నిజం, నా పొట్టి వాక్యం నిజం, ఫోర్‌మన్ లేచి నిలబడిందీ నిజం. తర్వాత అతన్ని వేరే సైటుకు మార్చారు, ఉద్యోగం పోలేదు.

పుట్టించింది ఆ చివరి చూపు. అతను ఆగలేదు. తిరగలేదు. చేతులు జోడించలేదు. దర్వాజా అంత భుజాలు దర్వాజాలోంచి నేరుగా వెళ్లిపోయాయి.

ఫోర్‌మన్ ఆ తలుపు మూసుకునేదాకా చూసి, నన్ను అడిగాడు, తన మీద అతనికి కోపమా అని. అంతమంది జడ్జీల పక్కన నిలబడి, నడకను బట్టి మనసు చదవడం ఎట్లాగో విన్నవాణ్ణి నేను. ఎంతైనా చెప్పగలను, ఎటైనా చెప్పగలను.

"తెల్వదు," అన్నాను.